ఏడురాళ్ల కమ్మలు కరిగించే ముందు తిప్పి వెనకవైపు చూడండి

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మీ అమ్మమ్మగారి ఏడురాళ్ల కమ్మలు, ఒక జత బుట్టకమ్మలు మీ చేతికొచ్చాయి. కమ్మల్లో కొన్ని రాళ్లు మసకబారాయి, ఒక శీల పట్టడం లేదు. చెన్నై టి.నగర్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే "పాత మోడల్, కరిగించి కొత్తవి తీసుకోండి" అన్నారు. ఇంకోపక్క చెల్లెలి పెళ్లికి చేత్తో చేసిన బుట్టకమ్మలు చేయించాలనుకుంటున్నారు, కానీ ఏది చేతిపనో ఏది మిషన్ పనో తెలియక టెన్షన్ పడుతున్నారు. మీ చెవి రంధ్రం సాగింది కాబట్టి ఇకమీద బరువు పెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

మాది కంసాలి కుటుంబం. తాతగారి కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి షావుకారుపేటలో స్థిరపడ్డాం. నేను కుంపటి పక్కనే పెరిగాను, ఇప్పటికీ నా చేతిలో ఎక్కువగా ఉండేది చెవి నగల పనే. మీలాంటి ప్రశ్నతో చాలామంది వస్తుంటారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కరిగించడం గురించి నా జవాబు సూటిగా చెప్తాను: వద్దు. కనీసం ఇప్పుడే వద్దు. ముందు ఆ కమ్మలని పగటి వెలుతురులో పట్టుకుని తిప్పి, వెనకవైపు చూడండి. చెవి నగ సంగతి ముందువైపు సగమే తెలుస్తుంది. హారం మెడ మీద ఆనుకుని ఉంటుంది, గాజు చేతికి తిరుగుతూ ఉంటుంది. కమ్మ అలా కాదు. మెత్తటి చెవి తమ్మెలోంచి దూరిన ఒక సన్నని కాడ మీద దాని బరువంతా రోజల్లా నిలబడాలి. ఆ కాడ నిలువుగా అతికాడా, వంకరగా అతికాడా, శీల ఎంత బిగువుగా పడుతుంది, వెనక రేకు అంచులు నున్నగా ఆకురాయి పట్టించాడా అన్నవే చేసినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్తాయి. ముందువైపు మెరుపు ఎవరైనా తెప్పించగలరు.

ఇప్పుడు మీ ఏడురాళ్ల కమ్మల సంగతి. ఈ అమరిక ఇన్ని తరాలు నిలవడానికి ఒక కారణం ఉంది. గుండ్రటి రాయి ఒకటి మధ్యలో పెట్టి, దాని చుట్టూ అదే సైజు రాళ్లు పేరిస్తే సరిగ్గా ఆరు పడతాయి. ఐదు పెడితే సందు మిగులుతుంది, ఏడు పట్టవు. ఇంట్లో రూపాయి నాణేలతో పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. కాబట్టి ఇందులో కష్టం డిజైన్‌ది కాదు, రాళ్లు ఏరడంలో ఉంది. రెండు చెవులకి కలిపి పద్నాలుగు రాళ్లు ఒకే సైజువి, ఒకే ఛాయవి దొరకాలి. ఒక్కటి వెంట్రుకవాసి పెద్దదైనా పువ్వు వంకరపోతుంది. పాతకాలంలో ఒక్కో జత రాళ్లు పోగు చేయడానికే నెలలు పట్టేది. మీ అమ్మమ్మగారి జత కరిగిస్తే ఆ ఏరిక మొత్తం చెదిరిపోతుంది. విడిగా రాళ్లు కొని మళ్లీ జత చేయాలంటే ఎంత తిరగాలో నాకు తెలుసు.

రాళ్లు మసకబారాయి అన్నారు. అవి చెడిపోలేదు, దాదాపు ఖాయంగా చెప్పగలను. పాత కమ్మలు చెన్నైలో అందరూ 'క్లోజ్ సెట్టింగ్' అనే పద్ధతిలో చేసినవి. ప్రతి రాయికీ కింద మూసిన చిన్న బంగారు గూడు ఉంటుంది. ఆ గూట్లో అద్దంలా మెరిసే పల్చటి తగడు పరిచి, పైన రాయి కూర్చి, చుట్టూ ఉన్న బంగారం అంచుని రాయి మీదికి నొక్కి మూసేస్తారు. అప్పటి రాళ్ల చెక్కుడు వేరు. లోతు తక్కువ, పట్టెలు తక్కువ. పైనుంచి పడిన వెలుతురు కొంత కిందికి జారిపోతుంది. ఆ వెలుతురుని వెనక్కి కొట్టి రాయిని వెలిగించేది కింద ఉన్న తగడే. అంచు ఎక్కడైనా కొంచెం లేచి, స్నానం నీళ్లో సబ్బు నురగో లోపలికి వెళ్తే తగడు నల్లబడుతుంది. తగడు నల్లబడగానే రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. పని తెలిసినవాడు అంచు మెల్లగా లేపి, రాయి తీసి, గూడు శుభ్రం చేసి, కొత్త తగడు వేసి మళ్లీ మూస్తాడు. అంతే. రాయి తిరిగి బతుకుతుంది.

ఈ కారణంగానే రెండు పనులు చేయొద్దని గట్టిగా చెప్తున్నాను. మూసిన గూడు ఉన్న కమ్మలని వేడినీళ్లలో, కుంకుడు రసంలో నానబెట్టొద్దు. షాపుల్లో మిషన్‌లో వేసి కడుగుతామంటే ఒప్పుకోవద్దు, ఆ కంపనానికి నీళ్లు నేరుగా గూట్లోకి దూరతాయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. రెండోది, "ఓపెన్ సెట్టింగ్‌కి మార్చేద్దాం, ఇప్పటి ఫ్యాషన్" అంటే తొందరపడొద్దు. కొత్త చెక్కుడు రాళ్లకి కింద తెరిచి ఉంచితే అందం పెరుగుతుంది, ఎందుకంటే అవి వెలుతురుని తమంతట తామే పైకి తిప్పుకోగలవు. పాత రాయి కింద తగడు తీసేస్తే గాజుముక్కలా వెలవెలబోవచ్చు.

రాళ్లు నిజంగా రవ్వలేనా అన్న సందేహం మీ ప్రశ్నలో వినిపించింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు బ్లూ జాగర్ రవ్వలని గొప్పగా చెప్పుకుంటారు. దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటైన్ అనే గని ఉండేది. అక్కడి లేత నీలి ఛాయ ఉన్న తెల్ల వజ్రాల వల్ల ఆ పేరు వచ్చింది. తర్వాత్తర్వాత ఆ ఛాయ ఉన్న ఏ మంచి రాయినైనా అలాగే పిలిచారు. కాబట్టి పేరు విని నమ్మడం కాదు, పరీక్ష చేయించండి. షాపుల్లో రాయికి ఆనించి చూసే పెన్ లాంటి పరికరం వేడి ఎంత వేగంగా రాయిలోంచి పోతుందో చూస్తుంది. వజ్రంలా కనిపించే కృత్రిమ రాళ్లలో సీజెడ్ 1970ల్లో బజారుకొచ్చింది, మొయిసనైట్ నగలు 1998 నుంచే అమ్మకంలో ఉన్నాయి. మీ అమ్మమ్మగారి పెళ్లినాటి కమ్మలైతే, మధ్యలో ఎవరూ రాయి మార్చకపోతే, ఆ రెండిటి భయం లేదు. తెల్లరాళ్లు అని వేరే రకాలూ అప్పట్లో పొదిగేవాళ్లు, అందుకే ల్యాబ్‌లో చూపించమంటున్నాను. ఒకవేళ రవ్వలు కాకపోయినా నా సలహా మారదు. చేతిపని రాయి ధరని బట్టి మారదు కదా.

ఇక కరిగిస్తే ఏమొస్తుందో లెక్క వేసుకోండి. ఏడురాళ్ల కమ్మలో బంగారం తక్కువ, పని ఎక్కువ. షాపువాళ్లు మీకు ఇచ్చేది బంగారం బరువుకే. పైగా పాత నగలో అతుకులు చాలా ఉంటాయి. అతుకు పెట్టే టంకం అసలు బంగారం కన్నా ముందే కరగాలి, లేకపోతే నగే కరిగిపోతుంది. అందుకని పాతకాలంలో టంకంలో రాగి, వెండి ఎక్కువ కలిపేవారు. ఆ నగని మొత్తంగా కరిగిస్తే 22 క్యారెట్ అనుకున్నది అంతకన్నా తక్కువ తేలుతుంది. అది అప్పటి కంసాలి చేసిన మోసం కాదు, పని స్వభావం అలాంటిది. తక్కువ తేలిన బంగారానికి తక్కువ ధర కట్టి, కొత్త నగ మీద తరుగు, మజూరీ వేస్తారు. రెండువైపులా పోయేది మీకే.

మధ్యలో ఒక కాలంలో కాడ్మియం కలిపిన టంకం వచ్చింది. కేడీఎం నగలు అనేవాళ్లు. వేడికి కాడ్మియం ఆవిరైపోయి, బంగారం శాతం పెద్దగా తగ్గకుండా అతుకు పడేది. కొనేవాళ్లకి బాగానే ఉండేది. కానీ ఆ ఆవిరి ఊపిరితిత్తులకి, కిడ్నీలకి విషం, పీల్చేది ఊదుగొట్టం పట్టుకున్న మనిషి. నగల నాణ్యతకి ముద్ర వేయించే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బిఐఎస్ దాన్ని ఒప్పుకోవడం మానేసింది. ఇప్పటికీ కొందరు "కేడీఎం అయితే మంచిదటగా" అని అడుగుతుంటారు. దయచేసి అడగొద్దు. అడిగేవాళ్లు ఉన్నంతకాలం ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆ పొగ పీలుస్తూనే ఉంటారు.

శీల పట్టడం లేదన్నారు కదా, అది చిన్న రిపేరే. పాత కమ్మల కాడ మీద మర చేత్తో కోసేవాళ్లు. ఏ శీల ఆ కాడకే సరిపోతుంది. కుడిది ఎడమదానికి బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. ముందు రెండు శీలలూ మార్చి పెట్టి చూడండి. ఎన్నో ఇళ్లలో అసలు సమస్య అవి తారుమారవడమే. అప్పటికీ పట్టకపోతే శీల ఒక్కటే కొత్తది చేయించొచ్చు, లేదా కాడ మార్పించొచ్చు. కాడ మార్చడానికి వేడి తగలాలి కాబట్టి రాళ్ల పని తెలిసినవాడి చేతే చేయించండి. గూళ్లకి వేడి తగలకుండా కాపాడుకుంటూ అతకడం అందరికీ రాదు.

ఇప్పుడు బుట్టకమ్మలు. ఇవి ఎలా తయారవుతాయో తెలిస్తే చేతిపని గుర్తుపట్టడం మీకే అలవాటవుతుంది.

ముందు మూసలో బంగారం కరిగించి కడ్డీ పోస్తాం. స్వచ్ఛమైన బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నగకి వాడే 22 క్యారెట్‌లో వెయ్యికి 916 వంతులు బంగారం, మిగతాది రాగి, వెండి. ఆ కడ్డీలో కొంత దాగలి మీద సాగగొట్టి రేకు చేస్తాం. ఇంకొంత కమ్మచ్చులోంచి లాగుతాం. కమ్మచ్చు అంటే వరసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక. పెద్ద రంధ్రంలోంచి మొదలుపెట్టి ఒక్కో రంధ్రం దాటిస్తూ పోతే తీగ సన్నబడుతుంది. మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే తీగ తెగిపోతుంది. ఈ రోజుల్లో రేకుకి, తీగకి రోలింగ్ మిషన్ వాడని వర్క్‌షాప్ చెన్నైలో కనపడదు. నేనూ వాడతాను. అంతమాత్రాన చేతిపని కాకుండా పోదు. బంగారానికి రూపం వచ్చేచోట చెయ్యి ఉందా లేదా అన్నదే చూడాలి.

రేకుని గుండ్రంగా కత్తిరించి, గుంటలున్న కంచు దిమ్మలో పెట్టి, గుండ్రటి మొన ఉన్న కడ్డీతో మెల్లగా కొడుతూ దింపితే బుట్ట రూపం వస్తుంది. ఒక్కసారిగా లోతుకి దింపితే అంచు చిరుగుతుంది. పెద్ద గుంటలోంచి చిన్న గుంటకి, మధ్యలో కాలుస్తూ వెళ్లాలి. జాలీ బుట్ట అయితే రేకు ఉండదు, సన్న తీగలు మెలితిప్పి, వంచి, అల్లి అతుకుతారు.

ఆ తర్వాత గుండ్లు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. సన్న తీగని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, బొగ్గుపొడిలో వేసి వేడి చేస్తే ప్రతి ముక్కా కరిగి తనంతట తానే గుండ్రటి పూస అయిపోతుంది. అచ్చు అక్కర్లేదు. కరిగిన లోహం తనని తాను దగ్గరకి లాక్కుంటుంది, అందుకే గుండ్రమవుతుంది. ఆవాలకన్నా చిన్న గుండ్లు కూడా ఇలాగే వస్తాయి. వాటిని బుట్ట మీద వరసగా పేర్చాలి, అతికేదాకా కదలకూడదు. దానికి జిగురు కావాలి. గురివింద గింజ అరగదీసిన గుజ్జు ఈ పనికి పాతకాలం నుంచీ వాడుకలో ఉంది. కరీంనగర్ వెండి తీగపనిలో కూడా తీగలు నిలబెట్టేది అదే గుజ్జు. ఆ గింజలతోనే బంగారం తూచిన రోజులున్నాయి. పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ గింజలు ఉంచొద్దు, లోపల ప్రాణాంతకమైన విషం ఉంటుంది. గుండ్లు పేర్చాక వెలిగారం, టంకం పొడి చల్లి మంట చూపిస్తాం. టంకం కరగాలి, గుండు కరగకూడదు. ఆ రెండిటి మధ్య ఉండే తేడా చాలా తక్కువ. ఊదుగొట్టం మీద ఊపిరి ఒక్క క్షణం ఎక్కువైతే వరసలో సగం గుండ్లు ముద్దయిపోతాయి. బంగారం రంగు మారే తీరుని చూస్తూ మంట తీసేయడం ఎవరూ మాటల్లో నేర్పలేరు, కుంపటి ముందు కూర్చోవాల్సిందే.

ఈ పని మన నేల మీద ఎంత పాతదో చెప్తే మీరు ఆశ్చర్యపోతారు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవిపోగులు ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతానివి అని, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటివని అక్కడి నిపుణులు భావిస్తున్నారు. ఏనుగు, రెక్కల సింహం రూపాలు రేకులో ఉబ్బెత్తుగా కొట్టి, వాటి మీద వివరాలన్నీ గుండ్లతో, తీగముక్కలతో తీర్చారు. రెండువేల ఏళ్ల కిందట మన వైపు ఎవరో ఇదే పని చేశారు. అవి చెవి తమ్మెని సాగదీసి భుజాల మీద ఆనేంత పెద్దవి. అంత దూరం వెళ్లలేకపోయినా ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గర కాసేపు నిలబడండి. మొహాలకన్నా ముందు చెవులు చూడండి. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకీ బరువైన కుండలాలు కనిపిస్తాయి. మన పెద్దల్లో మగవాళ్లు చౌకట్లు, ఒంటిజోళ్లు పెట్టుకోవడం నిన్నమొన్నటిదాకా ఉన్నదే.

సరే, షాపులో మీ ముందు బుట్టకమ్మల జత పెట్టారనుకోండి. ఏం చూడాలి?

బుట్టని తలకిందులు చేసి లోపల చూడండి. చేత్తో చేసినదైతే లోపలివైపు సన్నటి అతుకు గీతలు, సుత్తి ఆనిన జాడలు కొద్దిగా ఉంటాయి. పోతపోసినదైతే, అంటే మైనంతో అచ్చు తీసి అందులో బంగారం పోసినదైతే, లోపలా బయటా ఒకేరకం చర్మం ఉంటుంది, తీగల అంచులు మొద్దుగా ఉంటాయి, గుండు పక్కన గుండు విడివిడిగా కాకుండా కిందిభాగంలో కలిసిపోయి ఉంటుంది. చేతి గుండు దాదాపు పూర్తి గోళం, అడుగున ఒక్క చుక్కంత మేరే అతుక్కుని ఉంటుంది. భూతద్దం అడిగి చూడండి, మంచి షాపు కాదనదు. ఇంకోటి, రెండు కమ్మల మీదా చిలకో నెమలో ఉంటే అవి ఎదురుబొదురుగా, రెండూ మొహంవైపు చూస్తూ ఉండాలి. రెండూ ఒకేవైపు చూస్తుంటే ఒకే అచ్చులో రెండుసార్లు తీశారని అర్థం.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇప్పుడు చాలా నగలు సగం సగం. డై అచ్చుతో కొట్టిన పువ్వు, మిషన్ గొలుసు, చేత్తో అతికిన గుండ్లు, చేత్తో పొదిగిన రాళ్లు. అది తప్పు కాదు, ధర అందుబాటులోకి వస్తుంది. ఆ సంగతి చెప్పకుండా పూర్తి చేతిపని మజూరీ వసూలు చేయడం మాత్రం తప్పు. "ఇందులో ఏ భాగం చేత్తో చేశారు?" అని అడగండి. జవాబు చెప్పలేనివాడు ఆ నగ తయారీ చూడలేదు. షావుకారుపేట సందుల్లో ఇప్పుడు కుంపటి ముందు కూర్చునేవాళ్లలో బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది. సన్న తీగ పనిలో వాళ్ల చెయ్యి అద్భుతం. రాళ్లు కూర్చడం, ముఖ్యంగా మూసిన గూళ్లలో కూర్చడం, నా లెక్కలో ఇంకా మన ఆచారుల దగ్గరే గట్టిగా ఉంది. మీ అమ్మమ్మగారి కమ్మల రిపేరు, చెల్లెలి బుట్టకమ్మల తయారీ ఒకే మనిషికి ఇవ్వాలని ఏమీ లేదు.

బడ్జెట్ గురించి మీరు మొహమాటంగా రాశారు. మొహమాటం అక్కర్లేదు. పెళ్లిలో బంగారం కమ్మలే పెట్టాలని లేదు. మైలాపూర్ మాడవీధుల్లో భరతనాట్యం నగలు అమ్మే షాపులున్నాయి. అక్కడ దొరికే కెంపుల టెంపుల్ నగల్లో మేలురకం నాగర్‌కోయిల్ దగ్గరి వడశేరిలో తయారవుతుంది, దానికి జీఐ, అంటే ఫలానా ఊరి పనితనం అన్న భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వెండి చట్రం, లోపల లక్క, ఎర్రరాళ్లు, చుట్టూ బంగారు రేకు. వెండి మీద చేసినది, రాగి మీద పూతపూసినది పక్కపక్కనే అమ్ముతారు, ధరలో చాలా తేడా, కాబట్టి ఏ లోహమో బిల్లులో రాయించుకోండి. మన కూచిపూడివాళ్లు ఒకప్పుడు తేలికపాటి కర్రతో చేసిన నగలు వాడేవారు, ఆటలో బరువు ఉండకూడదని. మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగల సంగతి మీకు తెలిసిందే, వాటిని చిన్నచూపు చూడకండి, అందులోనూ చేతిపని ఉంది. మట్టి కమ్మలు, పట్టుదారం బుట్టలు మెహందీ ఫంక్షన్‌కి బాగుంటాయి, బరువుండవు. ఒక్క జాగ్రత్త చాలు: జర్మన్ సిల్వర్ అని అమ్మేదాంట్లో వెండి ఉండదు, రాగి, జింకు, నికెల్ ఉంటాయి. చెవి దురద, చీము పట్టడం చాలామందికి ఆ నికెల్ వల్లే. కాడ మాత్రం వెండిదో బంగారందో పెట్టించుకోండి.

చెవి సాగిన సంగతి. తమ్మెలో ఎముక ఉండదు, మృదులాస్థి కూడా ఉండదు. కొవ్వు, చర్మం. బరువు లాగితే సాగుతుంది, తనంతట తాను వెనక్కి రాదు. మదురై వైపు పెద్దవాళ్లు పెట్టుకునే తండట్టిలు చూసే ఉంటారు, తమ్మె భుజందాకా దిగుతుంది. అంత పెద్దగా కనిపించే ఆ నగ కూడా లోపల బోలుగా చేసి లక్క నింపినదే. రూపం పెద్దదిగా, బరువు తక్కువగా ఉండాలన్న ఆలోచన అందరికీ ఉండేది. మన ఇళ్లలో దానికి జవాబు మాటీలు, చెంపసరాలు. అవి అలంకారం కోసమే అనుకుంటారు చాలామంది. బుట్ట బరువుని చెవి మీంచి తీసి జుట్టుకి అందించడం వాటి పని. మాటీ సరిగ్గా కొలత తీసి చేయిస్తే బరువంతా అది మోస్తుంది, పొడుగు ఎక్కువైతే ఊరికే వేలాడుతుంది. కాబట్టి చెల్లెల్ని పెళ్లినాటి జడ ఎత్తులో జుట్టు ముడివేసుకుని రమ్మని కొలత తీయించండి.

మీకైతే రంధ్రం గీతలా సాగి, తమ్మె అంచుకి దగ్గరగా వచ్చి ఉంటే ఇక బరువు పెట్టొద్దు. ప్లాస్టిక్ సర్జన్ దగ్గర చిన్న ఆపరేషన్‌తో సరిచేస్తారు, తర్వాత డాక్టర్ చెప్పినంతకాలం ఆగి పక్కన కొత్తగా కుట్టించుకోవచ్చు. ఇది కొత్త ఇబ్బంది కాదు. సుశ్రుత సంహితలో పసిపిల్లలకి ఆరో నెలలోనో ఏడో నెలలోనో చెవులు కుట్టమని, తమ్మెని ఎండకి పట్టి వెలుతురు దాటి కనిపించే చోట పొడవమని ఉన్న అధ్యాయంలోనే, తెగిన చెవిని అతికే 15 పద్ధతులు కూడా ఉన్నాయి. వెలుతురు దాటే చోట అంటే రక్తనాళం లేని చోటు అన్నమాట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించేటప్పుడు మా పెద్దలు కూడా పాప చెవిని వెలుతురుకి తిప్పి చూశాకే బంగారు తీగ దించేవారు.

రోజూ పెట్టుకునే కమ్మలకి నేను చెప్పే లెక్క, రెండు చెవులకీ కలిపి నాలుగైదు గ్రాములు. పెళ్లి బుట్టలైతే జత ఒక సవరన్ దాటితే మాటీలు తప్పనిసరి. సవరన్ అంటే ఇక్కడ 8 గ్రాములు. మీ హైదరాబాద్ చుట్టాలు తులం లెక్కలో మాట్లాడతారు, బజారులో అది 10 గ్రాములు. ఫోన్‌లో రేట్లు పోల్చుకునేటప్పుడు ఈ తేడా మర్చిపోవద్దు. బుట్ట విడదీసేలా కొక్కెం పెట్టించండి. బుట్ట తీసేస్తే పై కమ్మ ఒక్కటే రోజూ పెట్టుకోవచ్చు, పాతవాళ్లు అలాగే చేయించుకునేవాళ్లు.

హాల్‌మార్క్ గురించి క్లుప్తంగా. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబర్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బిఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే వివరాలు వస్తాయి. 2 గ్రాముల లోపు నగలకి, కుందన్, పోల్కీ, జడావు రకాలకి మినహాయింపు ఉంది. చిన్న దుద్దుల మీద ముద్ర లేకపోతే కంగారుపడొద్దు.

కంసాలికి ఇచ్చేముందు పాత నగలు మీ ఎదుటే తూయించి, ముందూ వెనకా ఫోటోలు తీసి, రాళ్ల లెక్క చీటీ మీద రాయించుకోండి. కొత్త బుట్టకమ్మలకి రాళ్లు, ముత్యాలు, లక్క తీసేసిన నికర బరువు వేరుగా రాయమనండి. తరుగు శాతం, మజూరీ ముందే మాట్లాడుకోండి. ముత్యాలు ఎలాగూ అతుకు పనంతా అయ్యాకే తీగతో కడతారు. కాబట్టి అవి కట్టకముందు బుట్టని ఒకసారి చూపించమని అడగండి, గుండ్ల పని అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. ఇక సమయం: అక్షయ తృతీయ ముందు, సంక్రాంతితో మొదలయ్యే తమిళ తై నెల పెళ్లిళ్ల ముందు ఏ వర్క్‌షాప్‌లోనూ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, తొందర పని చేయించుకుంటారు. జూలై మధ్యలో మొదలయ్యే తమిళ ఆడి నెలలో ఇక్కడ పెళ్లిళ్లు ఉండవు, పని తెలిసినవాళ్లు కాస్త ఖాళీగా దొరుకుతారు. ఆర్డర్ అప్పుడు ఇవ్వండి, కమ్మల రిపేరుకి మాత్రం ఈ వారంలోనే వెళ్లండి, ఎందుకంటే అంచు లేచిన గూళ్లలోకి ఈ ఉక్కపోత తేమ రోజూ పోతూనే ఉంటుంది.